నాలుక్కి మూడు

సొరంగంలో కిలోమీటరు లోపలికొస్తే
మందస కొండ కడుపులో మా కంట్రోల్ రూం.
ఇక్కడ వాన తెలీదు, పొద్దు తెలీదు.
గోడ మీద ఎర్ర అంకెలే తెలుస్తాయి.
యాభై.
నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఆరు.
మళ్లీ యాభై.
ఎక్కడో ఎవరో మిక్సీ వేస్తే
ఇక్కడ నా కన్ను అదురుతుంది.

మధ్యాహ్నం విజయవాడ నుంచి ఫోను:
"సీమలో ఎండ విరగకాస్తోంది మేడం,
కరెంటు పారబోసుకునేలా ఉన్నాం.
రెండో యూనిట్ పంపింగుకి పెట్టండి."
పారబోసుకునేదేదైనా మాకు కావాలి.
కింది చెరువు కొండెక్కడం మొదలెడుతుంది.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
మా నీళ్లకి మిట్ట కూడా నేర్పాం.

మా అత్త కూర్మమ్మకి ఇదంతా ఎగతాళి.
"పొద్దల్లా పైకి తోడతారు,
రేతిరైతే అయ్యే నీలు కిందికి ఇడిసేత్తారు.
దీనికో జీతవేటే?
ఎంత తిని ఎంత ఇత్తాది నీ మిసను?"
నాలుగు యూనిట్లు తిని మూడిస్తుందన్నాను, సిగ్గుపడుతూనే.
కాశీబుగ్గ పప్పు బట్టీలో ముప్పయ్యేళ్లు
జీడి నూనెకి నల్లబడ్డ వేళ్లు మడిచి లెక్కేసింది.
"ఎనభై కేజీల బస్తా పిక్కలు కొడితే
ఇరవై కేజీల పప్పు.
దాంతోనే ఊరూరంతా బతుకుతన్నాది.
నాలుక్కి మూడంటే మంచి బేరవే."
ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

సాయంత్రం ఆరూ నలభై.
సీమ ఎండ ఒక్కసారే చేతులెత్తేస్తుంది.
టీవీలు, గ్రైండర్లు, వీధి దీపాలు, ఇంకా ఆపని బోరు మోటార్లు.
"నూట యాభై మెగావాట్లు, తొందరగా."
తొందర ఫోనులో ఉంటుంది, యంత్రంలో ఉండదు.
ఇటు తిరిగేది అటు తిరగాలంటే
ముందు పూర్తిగా ఆగాలి.
ఆ కాసేపూ కొండ వినబడుతుంది,
రాతి సందులోంచి ఒక్కో చుక్క.
తర్వాత గేట్లు తెరుచుకుని
మధ్యాహ్నపు ఎండ నీళ్లలోంచి దిగొస్తుంది.

పై చెరువు దగ్గర సవర జమ్మయ్య.
మట్టం చూసి చెప్పడం అతని ఉద్యోగం.
కొలబద్ద కంటే ముందు ఒక మోడు చూస్తాడు.
"పనస అగపడింది మేడం" అంటే
ఇంకో మూడు గంటల నీళ్లున్నాయని.
ఆ పనస వాళ్ల నాన్న నాటింది.
చుట్టూ కంది, కొండ వాలంతా సామ.
అంతకంటే నాకు తెలీదు,
అతను వాకీటాకీలో మట్టం తప్ప చెప్పడు.
అతని గూడేనికి రెండేళ్ల కిందట లైటొచ్చింది.
గాలేస్తే పోతుంది.

గాలంటే ఆ అక్టోబరు రాత్రి గాలి.
ఉద్దానం కొబ్బరి నేలకంటుకుపోయింది,
టవర్లు చొప్పకట్టల్లా పడ్డాయి.
గోడ మీద అంకె ఒకటే: సున్నా.
మంగళవారం. మా మావకి డయాలసిస్ రోజు.
ఒంట్లోంచి బయటికెళ్లిన రక్తం
తిరిగి ఒంట్లోకి రావాలి, అంతే పని.
కరెంటు పోతే నర్సు చేత్తో పిడి తిప్పుతుంది.
జనరేటర్ గది మునిగిందని తర్వాత తెలిసింది.

మాకో చిన్న డీజిల్ ఇంజనుంది,
వాల్వు తెరిచేంత చిన్నది.
వాల్వు తెరిస్తే చాలు,
మిగతాది నీళ్లు చూసుకుంటాయి.
పలాస లైను ఒక్కటే నిలబడింది.
చచ్చిన తీగలోకి కొంచెం కొంచెంగా వదిలాం,
లంకణం చేసినవాడికి జావ పట్టినట్టు.
ముందు ఆస్పత్రి ఫీడరు.
అది నేను అడగలేదు. లాగ్ బుక్కులో అదే వరుస.
చెయ్యి మాత్రం నాదే వణికింది.

తెల్లారేసరికి టెక్కలి అందుకుంది,
అటునుంచి శ్రీకాకుళం.
మా పై చెరువు అడుగంటింది.
"పనస మొత్తం బయటికొచ్చేసింది మేడం,
ఏళ్లు కూడా అగపడతన్నాయి."
కాసేపు గాలి చప్పుడు.
"దాని మీద కొంగ వాలింది."
అది మట్టం కాదు.
రాసుకోడానికి గడి లేదు,
అంచున రాసుకున్నాను.

మర్నాడు పన్నెండున్నరకి ఫోను:
సీమలో ఎండొచ్చిందట.